జల్లు పడని గది

ఆదివారం, దీపాలు తగ్గించే ముందు

గోడా, నే చెప్పింది చెప్పినట్టు రాసుకో. నా పేరు తాయారు. ఊరు నేల కింది దిగువపేట, మూడో వరస, చివర్నుంచి రెండో ఇల్లు. పని పుట్టగొడుగుల పాకలో. పిల్లి ఏం తిన్నదీ, ఎక్కడ పడుకున్నదీ, ఎలా ఉన్నదీ రోజూ గోడకి చెప్పమని నసీమా డాక్టరమ్మ గారి ఆర్డరు. వారానికోసారి పైపేటలో కూర్చుని చదువుకుంటారట. చదువుకోండి తల్లీ! నా వాగుడు సంగతి తెలీక కోరి తెచ్చుకున్నారు.

పిల్లి ఇవాళ మధ్యాహ్నం లిఫ్టులో దిగింది. నల్లగా, ఇంతే ఉంది, గంప మూత తియ్యగానే రెండు కళ్ళు తప్ప ఇంకేం కనపడలేదు. మా ఆయన గవర్రాజు వంగి చూసి "మిరియపు గింజలా ఉందే" అన్నాడు. అదే పేరైపోయింది. మిరియం.

అసలు పిల్లి కావాలని అడిగింది నేనే. పాకలో ఎలుకలు విత్తనపు గింజ మిగలనివ్వడం లేదు. మందు పెడదామంటే ఊరంతా పీల్చే గాలి ఒక్కటే, అది కుదరదు. నేను పేట సభలో నెత్తీ నోరూ బాదుకుంటే, చివరికి ఆరు ఇళ్ళకి ఆరు పిల్లుల్ని తెప్పించారు. దిగువపేటలో ఇన్నేళ్ళలో ఇవే మొదటి పిల్లులు. నెలాఖరుకి ఇళ్ళల్లో కుదురుకుంటే ఉంటాయి, లేకపోతే మళ్ళీ లిఫ్టెక్కించి పైకి పంపేస్తారు. ఇంకెప్పుడూ పిల్లి మాట ఎత్తకూడదు. అదీ షరతు.

గంపలోంచి దింపగానే మిరియం ఒక్క ఉదుటున నీళ్ళ డ్రమ్ము వెనక్కి పోయి నక్కింది. అంతే, మళ్ళీ కనపడలేదు. నేను బోర్లా పడుకుని "రావే నా తల్లీ, రావే" అని బతిమాలుతుంటే మా ఆయన వెనకనించి "నా కోసం ఎప్పుడైనా ఇలా బతిమాలావా" అన్నాడు. మీరు డ్రమ్ము వెనక దాక్కుంటే అప్పుడు చూద్దాం లెండి అన్నాను.

సోమవారం, దీపాలు తగ్గించే ముందు

రాత్రి రెండు ముద్దలు తిన్నట్టుంది. పళ్ళెంలో చేప తగ్గింది.

డాక్టరమ్మా, మీరు పైన ఉంటారు కనక మా జల్లు గురించి ఒక ముక్క చెప్తాను. మీరు పొద్దున్నే చీపురుతో ఊడ్చుకున్నట్టే మాకు జల్లు. దీపాలు పెరిగే వేళకి అందరం గ్లాసులు పట్టుకుని సందులోకి వచ్చేస్తాం. లోపల గోడల్లోంచి పొగలాంటి జల్లు లేచి ఇల్లంతా నిండుతుంది, తరవాత ఫ్యాన్లు ఆరబెడతాయి. ఆ కాసేపూ సందులో నిలబడి టీ తాగుతూ కబుర్లు చెప్పుకుంటాం. జల్లు టీ అంటాం. చంటిపిల్లకైనా ఏమీ చెయ్యదు, కాబట్టి పిల్లి గురించి కంగారు పడకండి.

మా అత్తగారి కాలంలో బూజు జ్వరం వచ్చి పేటలో సగం మంది పోయాక ఈ జల్లు మొదలెట్టారు. అప్పట్నించీ ఎవర్నయినా తిట్టాలంటే "జల్లు పడని కొంప" అంటాం. అంతకంటే పెద్ద తిట్టు మాకు లేదు. మా ఆయన ఈ వరసకి జల్లు మేస్త్రి. నీలం కోటు వేసుకుని, మెళ్ళో తాళాల గుత్తితో ఆయన నడిచి వస్తుంటే పెళ్ళికొడుకు వచ్చినంత హడావిడి. ఇంట్లో మాత్రం సాక్సు ఎక్కడ పెట్టాడో ఆయనకే తెలీదు.

సాయంత్రం ఒక విశేషం. నేను కదలకుండా కూర్చుంటే మిరియం డ్రమ్ము వెనకనించి వచ్చింది. పొట్ట నేలకి ఆనించి, అంగుళం అంగుళం జరిగి, బల్ల కాలికి తన బుగ్గ రాసింది. ఒకసారి, ఇంకోసారి. తరవాత నా చాప అంచుకి. నా ప్రాణం లేచొచ్చింది. రేపటికి ఒళ్ళో కూర్చుంటుంది చూడండి అన్నాను మా ఆయనతో.

బుధవారం, పాకనించి వచ్చి

ఒళ్ళో లేదు, నా మొహం లేదు.

నిన్న పొద్దున్న జల్లు అయ్యాక మిరియం బయటికొచ్చింది. నేను సంతోషపడేలోగా నేరుగా ఆ బల్ల కాలి దగ్గరికే పోయి వాసన చూసింది. చూసి, వెంట్రుకలు నిక్కబొడుచుకుని వెనక్కి గెంతింది. ముందు రోజు తనే బుగ్గ రాసిన కాలండీ! పాముని చూసినట్టు చూసింది. చాప దగ్గరికి పోయింది, అక్కడా అంతే. డ్రమ్ము వెనక్కి ఒకటే పరుగు. సాయంత్రానికి మళ్ళీ ధైర్యం చేసి కొంచెం రాసుకుంది, ఇవాళ పొద్దున్న మళ్ళీ అదే భయం. దీనికి మతిమరుపా ఏమిటని మా ఆయన అడుగుతున్నాడు.

ఇవాళ పళ్ళెం ముట్టలేదు. నీళ్ళు కూడా నామమాత్రం.

డాక్టరమ్మకి ఫోన్ చేశాను. దాక్కోడానికి ఒక పెట్టె పెట్టమన్నారు. పెట్టాను. తిండి దానికి దగ్గర్లో పెట్టమన్నారు. పెట్టాను. కళ్ళలోకి గుచ్చి చూడొద్దు, చూస్తే నెమ్మదిగా రెప్పలు వాల్చండి అన్నారు. నేను రెప్పలు వాల్చడం చూసి మా ఆయన నిద్రొస్తోందా అంటాడు. పాత గుడ్డ ఏదైనా, అది పడుకున్నది, దగ్గరుంచమన్నారు. గంపలోంచి వచ్చిన గుడ్డ అలాగే ఉంచాను డాక్టరమ్మా, రోజూ జల్లులో శుభ్రంగా తడిసి ఆరుతోంది కూడా.

"తాయారమ్మగారూ, పూర్తిగా తిండి మానేస్తే మాత్రం ఆలస్యం చెయ్యకండి. పిల్లులు మనలాగా ఉపవాసాలు ఉండలేవు, లివరు దెబ్బతింటుంది" అన్నారు. ఫోను పెట్టేశాక నాకు అన్నం సయించలేదు.

గురువారం, మధ్యాహ్నం

ఐదో వరస వాళ్ళ పిల్లి పొద్దున్న లిఫ్టెక్కింది. ఒకటో వరస వాళ్ళదీ అదే దారిలో ఉందట. జల్లు టీ దగ్గర పక్కింటి సూర్యావతి మూతి తిప్పింది. "నే ముందే చెప్పాను కదా వదినా, పైన ఎండలో తిరిగిన జీవాలకి మన ఇళ్ళు పడవు. మీ మిరియాన్ని కూడా పంపేయ్, పాపం చచ్చి ఊరుకుంటుంది" అంది. జాలితో అన్నదో ఎత్తిపొడుపో ఆవిడకే తెలియాలి. నాకు ఒళ్ళు మండింది. "నా పిల్లి సంగతి నే చూసుకుంటాలే వదినా, నీ టీ చల్లారిపోతోంది" అన్నాను.

ఇంట్లోకొచ్చి డ్రమ్ము పక్కన కూలబడి ఏడ్చాను. చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. ఎలుకల కోసం తెచ్చుకున్నాననుకున్నాను. ఇప్పుడు ఎలుకలు గింజంతా తినేసినా ఫర్వాలేదు, ఇది ఒక్క ముద్ద తింటే చాలు అనిపిస్తోంది.

మా ఆయన నా ఏడుపు చూడలేకపోయాడు. పక్కన కూర్చుని భుజం తట్టి, "ఉండవే, నేనో పని చేస్తాను. ఇల్లు దానికి నచ్చేట్టు చేస్తాను, నా చేతిలో పనే" అన్నాడు. ఏం చేస్తారండీ అంటే చెప్పడు. మొహంలో పండగ కళ.

శుక్రవారం, పొద్దున్న

ఏం చేశాడో ఇప్పుడు తెలిసింది. మహానుభావుడు రోజూ జల్లు సరిపోలేదనుకుని రెండింతలు పెట్టించాడు. అది కూడా మామూలు జల్లు కాదు, పండగ జల్లు. పెళ్ళిళ్ళకీ బారసాలకీ పోయిస్తాం, నిమ్మకాయ వాసనేస్తుంది. వరసలో ఏ ఇంటికి పోసినా మర్యాద చేసినట్టు లెక్క. పిల్లికి మర్యాద చేశాడు.

మేం టీ గ్లాసులతో తలుపు తీసేసరికి లోపల్నించి నల్లటి ఉండ ఒకటి మా కాళ్ళ మధ్యనించి దూసుకుపోయింది. తుమ్ముకుంటూ, చెవులు తలకి అతుక్కుపోయి. "మిరియం!" అని అరిచేలోగా సందు మలుపు తిరిగిపోయింది.

మా ఆయన చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. "మంచి చేద్దామనే కదే" అన్నాడు. గోడా, ఇక ఆపు, వెతకడానికి పోతున్నాం.

శుక్రవారం, సాయంత్రం

దొరికింది! దొరికింది డాక్టరమ్మా, బతికే ఉంది, తిన్నది కూడా!

అన్ని వరసలూ తిరిగాం. నేను పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకున్నాను. మేస్త్రిగారు నీలం కోటుతో కాలవల్లోకి దూరి వెతికారు. సూర్యావతి కూడా, నిజం చెప్పొద్దూ, తలుపు తలుపూ కొట్టి అడిగింది. ఎక్కడా లేదు. నేను ఆశ వదిలేసుకుని, పుట్టగొడుగులకి నీళ్ళు చిలకరించే వేళ అవుతోంది కదాని పాకకి పోయాను.

పాక తలుపు పక్కన మా కోట్లు తగిలించుకునే మేకులుంటాయి. పని అయ్యాక అక్కడే కోటు విప్పి, స్నానం చేసి ఇంటికి రావాలి, ఎందుకంటే మా పాక వాసన ఎవరికీ పడదు. నా కోటు కింద పడిపోయి ఉంది. దాని మీద చక్రంలా చుట్టుకుని, ముక్కు తోకలో పెట్టుకుని మిరియం! పక్కన ఎలుక తోక ఒక్కటే మిగిలి ఉంది.

నన్ను చూసి పారిపోలేదు. లేచి ఒళ్ళు విరుచుకుంది. వచ్చి నా కాలికి బుగ్గ రాసింది. తరవాత తలుపు చెక్కకి, గింజ బస్తాకి, మళ్ళీ నా కాలికి. గుర్రు గుర్రుమని ఒకటే చప్పుడు. దాని గొంతులో అలాంటి చప్పుడు ఉందని నాకు ఇవాళ్టి దాకా తెలీదు.

నేను నేల మీద కూర్చుండిపోయాను. ఇంట్లో చచ్చేంత భయపడ్డది ఇక్కడ ఇల్లాలిలా తిరుగుతోందే, ఇక్కడేముంది, అక్కడేం లేదు? చీకటి ఇక్కడే ఎక్కువ. చప్పుడూ ఇక్కడే ఎక్కువ. అప్పుడు ముక్కుకి తగిలింది. నా కోటు కంపు. బస్తాల కంపు, నానిన గడ్డి కంపు, నా చెమట కంపు. పాకలో జల్లు ఉండదు మరి. జల్లు పోస్తే పుట్టగొడుగు చచ్చిపోతుంది.

నిన్న రాసిన బుగ్గ వాసన ఇక్కడైతే ఇవాళ ఉంటుంది. మా ఇంట్లో ఉండదు. అది రోజూ సాయంత్రం కష్టపడి 'ఇది నాది, ఇది నాది' అని రాసుకుంటోంది, పొద్దున్నే మేం కడిగేస్తున్నాం. పాపం దానికి రోజూ పొద్దున్న కొత్త ఇల్లే. రోజూ ఎవరో ముక్కూ మొహం తెలీని వాళ్ళ ఇంట్లో నిద్రలేస్తోంది.

శనివారం, పొద్దున్న

నిన్ననే డాక్టరమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "అయ్యో, గోడ ఇంకా చదవలేదు, జల్లంటే ఫోనులో మీరు ఊడవడం లాంటిదే అంటే నేనూ ఊడవడమే అనుకున్నాను తాయారమ్మగారూ. పెట్టె, గుడ్డ, అన్నీ కడిగేస్తుందా?" అన్నారు. గోడలతో సహా అన్నాను. "నేను ఒక్క రాత్రి మీ దగ్గర పడుకుని ఉంటే తెలిసేది. నాదే తప్పు" అన్నారు. మంచి మనిషి. తప్పు ఎవరిదైనా ఇప్పుడు పని ఏమిటో చూద్దాం అన్నాను.

పాకలోనే ఉంచేద్దామంటే కుదరదు. కొత్త గడ్డికి ఆవిరి పెట్టే రోజు పాకంతా మూసేస్తాం, లోపల ప్రాణి ఉండకూడదు. పైగా షరతు ఇంట్లో కుదురుకోవాలని. కాబట్టి దారి ఒక్కటే. మా వెనక గది ఒక్కదానికి జల్లు ఆపాలి.

మా ఆయనతో అన్నాను. ఆయన నేనేదో బూతు మాట అన్నట్టు చూశాడు.

"మేస్త్రి ఇంట్లో జల్లు ఆపాలా? తలెక్కడ పెట్టుకోమంటావే నన్ను?"

"ఒక్క గది అండీ. వెనక గది. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది" అన్నాడు. "మా అమ్మ ఎలా పోయిందో నీకు తెలీదా? గోడ మీద ఇంత బూజు. నేనే చూశాను, నేనే చెప్పలేదు. ఆడుకుంటున్నాను. ఆ తరవాత వారానికి..."

మా పెళ్ళయి ఇన్నేళ్ళలో ఈ మాట ఆయన నోట రాలేదు. జల్లు అంటే ఆయనకెందుకంత పట్టుదలో, సాక్సు సంగతి తెలీని మనిషికి జల్లు వేళ ఒక్క నిమిషం కూడా ఎందుకు తప్పదో నాకు అప్పుడర్థమైంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. మిరియం పాకనించి తెచ్చిన నా కోటు మీదే, గంపలో, మా ఇద్దరి మధ్యన ఉంది.

ఆయనే చెయ్యి చాపి కోటు అంచు ముట్టుకున్నాడు. మిరియం ఆ వేళ్ళు వాసన చూసి బుగ్గ రాసింది. ఆయన చెయ్యి తీసెయ్యలేదు.

"అమ్మ చీరలన్నీ జల్లు మొదలెట్టిన రోజే అందులో పెట్టేశారు. అమ్మ దగ్గర ఏ వాసన వచ్చేదో నాకిప్పుడు ఎంత తలుచుకున్నా రాదు తాయారూ" అన్నాడు. నాకు ఏడుపాగలేదు. ఆయనకీ ఆగలేదు.

కళ్ళు తుడుచుకుని లేచాడు. లేచి, ఇదిగో ఈ మాట అన్నాడు, గోడా, బాగా రాసుకో. "బూజుకి కావలసింది తడి. మా ఇంట్లో అప్పుడు గోడ కారేది. జల్లు ఆపితే తడి ఉండదు. ఫ్యాను ఒక్కటీ వదిలేస్తాను. గది ఎండిపోయి ఉంటే బూజు ఎక్కడ పడుతుంది?" అని తాళాల గుత్తి తీసుకున్నాడు. నా మొగుడు బంగారం.

ఆదివారం, జల్లు టీ అయ్యాక

నిన్న ఆయన వెనక గది జల్లు గొట్టాలకి మూతలు బిగించాడు. ఫ్యాను మాత్రం నెమ్మదిగా తిరుగుతోంది. నేను నాలుగు గోడలకీ సున్నం వేశాను. ఆరాక మిరియాన్ని, గంపని, ఆ గుడ్డని, కంపు కొట్టే నా పాక కోటుని లోపల పెట్టి తలుపు వేశాను. సాయంత్రం అది మంచం కోడుకి, తలుపు అంచుకి, గంపకి బుగ్గ రాసుకుంది.

పొద్దున్న సందులో టీ సగం గ్లాసు అలాగే వదిలేశాను. తలుపు తీశాక నేరుగా వెనక గదికి పోయి చూశాను. మిరియం గంపలోంచి దిగింది. మంచం కోడు దగ్గరికి పోయింది. వాసన చూసింది.

ఆగింది. మళ్ళీ చూసింది. తోక నిటారుగా లేచింది. అదే చోట ఇంకోసారి బుగ్గ రాసి, పళ్ళెం దగ్గరికి నడిచి వెళ్ళి, చేపంతా తినేసింది! నేను ఎగిరి గంతేస్తే జడుసుకుంటుందని నోటికి చెంగు అడ్డం పెట్టుకుని గంతేశాను. మా ఆయన గుమ్మంలో నిలబడి పిల్లాడిలా నవ్వుతున్నాడు.

బుధవారం, సాయంత్రం

ఇప్పుడది వెనక గదికి రాణి. మంచం ఎక్కుతుంది, కిటికీ గూట్లో పడుకుంటుంది. ముందు గదిలోకి వచ్చి ఒక చుట్టు చుట్టి, మళ్ళీ తన గదిలోకి పోయి పడుకుంటుంది. అంటే వెనక్కి పోవడానికి ఒక చోటుంటే చాలు, ముందుకి రావడానికి దానికి భయం లేదు. పగలు నాతో పాకకి వస్తోంది. ఎలుకల సంగతి ఇక ఎలుకల్నే అడగాలి.

సూర్యావతి ఇవాళ గుమ్మంలోకి వచ్చి ముక్కు ఎగబీల్చింది. "వదినా, ఏదో వాసనేస్తోందే మీ ఇంట్లో?" అంది. వంట అన్నాను. "వంట కాదు" అంది. నా వంక ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది.

గురువారం, మధ్యాహ్నం

అనుకున్నంతా అయింది. పేట పెద్ద చంద్రమతిగారు శనివారం తనిఖీకి వస్తారట. మేస్త్రి ఇంట్లో జల్లు సరిగా పడడం లేదని కబురు వెళ్ళింది. గోడ మీద పట్టీ అద్ది చూస్తారు. నీలం తిరిగితే బూజున్నట్టు. అప్పుడు మిరియం లిఫ్టెక్కుతుంది, మా ఆయన కోటు విప్పేస్తాడు.

మూతలు తీసేసి ఒక్క జల్లు పోయిద్దామా, శనివారం దాకా, అని నేనే అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "మళ్ళీ దానికి కొత్త ఇల్లు చెయ్యమంటావా? వద్దు. దాచను కూడా. నేనే చెప్తాను" అన్నాడు.

డాక్టరమ్మకి కూడా చెప్పాను. నేనూ దిగుతానన్నారు. మీరా, ఇక్కడికా అంటే, "ఈసారి రాత్రికి ఉంటాను కూడా" అన్నారు.

శనివారం, దీపాలు తగ్గాక

గోడా, ఇవాళ ఒక్క మాట కూడా వదలకు.

చంద్రమతిగారు వచ్చారు. వెనక సూర్యావతి, ఆ వెనక వరసంతా. సందులో చోటు లేదు. డాక్టరమ్మ లిఫ్టు దిగి చెమటలు తుడుచుకుంటూ అప్పుడే చేరారు. మనిషి ఫోనులో గొంతు కంటే చిన్నగా ఉన్నారు.

మా ఆయన కోటు గుండీలు పెట్టుకుని ముందుకొచ్చాడు. "అమ్మా, వెనక గదికి జల్లు నేనే ఆపాను. మూతలు నా చేత్తో బిగించాను. వారమైంది" అన్నాడు. సూర్యావతి చేత్తో నోరు మూసుకుంది.

చంద్రమతిగారు గదిలోకి పోయి నాలుగు గోడలకీ, మంచం కిందా, గంప కిందా పట్టీలు అద్దారు. మేమందరం గుమ్మంలో నిలబడి చూస్తున్నాం. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు, అందరి ముందూ, పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి. ఆయన చూపు గోడ మీదే ఉంది. ఆ గోడ ఏ గోడో నాకు తెలుసు.

పట్టీలు తెల్లగా ఉన్నాయి. మంచు తునకల్లా తెల్లగా! ఆవిడ నమ్మక మళ్ళీ అద్దారు. మళ్ళీ తెలుపే. తరవాత ముందు గదిలో, జల్లు రోజూ పడే గదిలో, గట్టు కింద అద్దారు. కొంచెం నీలం.

"ఇదేమిటి మేస్త్రీ?" అన్నారు.

"ఆరని మూల అమ్మా అది" అన్నాడు మా ఆయన. "ఫ్యాను గాలి అక్కడికి అందదు. బూజుని ఆపేది జల్లు ఒక్కటే అనుకున్నాం. ఆరబెట్టడం అంతకంటే ముఖ్యమని నాకు ఈ పిల్లి వచ్చాకే తట్టింది. ఈ మూల కూడా రేపు సరిచేస్తాను, అన్ని ఇళ్ళకీ చేస్తాను."

అప్పుడు లేచింది మిరియం. ఇంతమంది జనం, ఇంత గోల, పది రోజుల క్రితమైతే డ్రమ్ము వెనకే ప్రాణం వదిలేసేది. కిటికీ గూట్లోంచి దిగి, ఒళ్ళు విరుచుకుని, తోక జెండాలా ఎత్తి, ఆ మనుషులందరి మధ్యనించి నడిచొచ్చింది. చంద్రమతిగారి చెప్పుకి బుగ్గ రాసింది. డాక్టరమ్మ కాలికి రాసింది. సూర్యావతి వెనక్కి జరిగినా వదల్లేదు, ఆవిడ చీర కుచ్చిళ్ళకీ రాసింది. ఆఖరికి మా ఆయన దగ్గరికొచ్చి, ఒక్క గెంతుతో ఆయన చేతుల్లోకి ఎక్కి, నీలం కోటు మెడపట్టీకి ఆ బుగ్గా ఈ బుగ్గా మార్చి మార్చి రుద్దింది. గుర్రు చప్పుడు సందు చివరి దాకా వినపడి ఉంటుంది.

"ఏమిటది చేస్తున్నది?" అని చంద్రమతిగారు అడిగారు.

"వీళ్ళంతా నా వాళ్ళు అంటోందమ్మా" అన్నారు డాక్టరమ్మ.

చంద్రమతిగారు తన చెప్పు వంక చూసుకున్నారు. నవ్వు ఆపుకోలేకపోయారు. "అయితే పిల్లున్న ప్రతి ఇంట్లోనూ ఒక గదికి మూతలు వెయ్యండి మేస్త్రీ. పట్టీ మాత్రం వారం వారం అద్దాలి. పైకి పంపిన ఆ పిల్లిని కూడా దింపించండి" అన్నారు.

సందంతా ఈలలు! ఎవరో నన్ను కావలించుకున్నారు, చూస్తే సూర్యావతి. "నేనే చెప్పాను వదినా చంద్రమతిగారికి, భయమేసి చెప్పాను" అని ఏడుస్తోంది. ఇవాళ నాకు ఎవరి మీదా కోపం లేదు. పోనీలే వదినా, నీ కుచ్చిళ్ళు జల్లులో పెట్టకు, రేపు నిన్ను గుర్తుపట్టదు అన్నాను.

ఆదివారం, జల్లు టీ అయ్యాక

డాక్టరమ్మ రాత్రి మా ఇంట్లోనే పడుకున్నారు, పొద్దున్న మాతోపాటు సందులో టీ తాగారు. నాకింక గోడకి చెప్పే పని లేదట. "ఇంక ఇది మీ పిల్లి తాయారమ్మగారూ" అన్నారు.

సరే, ఆఖరి ముక్క. జల్లు అయ్యాక మా ఆయన కోటు కోసం చూస్తే రోజూ తగిలించే మేకుకి లేదు. వెనక గదిలోకి పోయాను. కొత్తగా ఒక మేకు కొట్టి కోటు అక్కడ తగిలించాడు, జల్లు తగలకుండా. మా ఆయన దాని మెడపట్టీలో మొహం దాచుకుని కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. మిరియం ఆయన పాదాల మీద పడుకుని ఉంది. నేనొచ్చిన అలికిడికి తలెత్తి, "తాయారూ, మన ఇంటికి వాసనుందే" అన్నాడు.

రోజూ టీ తాగి కొత్త ఇంట్లోకి అడుగుపెట్టేవాళ్ళం. ఇవాళ మా ఇంటికే వచ్చాం.